నేనెత్తని బోనం

చదువుకునే రోజుల్లో నాకున్నంత అసూయ ఈ నగరంలో ఇంకెవరికీ ఉండి ఉండదని ఇప్పటికీ నా గట్టి నమ్మకం. ఆ రోజుల్లో, అంటే తార్నాకలో ఉంటూ క్యాంపస్‌లో ఎమ్మే వెలగబెడుతున్న రోజుల్లో, మార్కులెక్కువ వచ్చినవాళ్ళ మీద అసూయ, జుట్టు ఒత్తుగా ఉన్నవాళ్ళ మీద అసూయ, మెట్రోలో నాకంటే వెనకెక్కి నాకంటే ముందు సీటు సంపాదించినవాళ్ళ మీదైతే చెప్పనే అక్కర్లేదు. అయితే ఇవన్నీ సాయంత్రానికి చల్లారిపోయే రకం. ఒక వేసవి, ఒక ఆషాఢం పొడుగునా నన్ను నిద్రపోనివ్వకుండా, తిన్నది అరగనివ్వకుండా ఏడిపించిన అసూయ ఒక్కటే ఉంది. అది కజకిస్తాన్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి మీద. (ఆ దేశం ఎక్కడుందో అప్పుడు నాకు సరిగ్గా తెలియదు. తెలుసుకుందామన్నా కోపం అడ్డొచ్చేది.)

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది కోస్తా కుటుంబం. నాన్న బ్యాంకు ఉద్యోగం మమ్మల్ని హైదరాబాదుకు తెచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. తార్నాకలో ఒక గల్లీలో మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాం. కింద ఇంటివాళ్ళుండేవారు. ఆ ఇంటావిడను నేను పెద్దమ్మా అనేదాన్ని, అమ్మ అక్కగారూ అనేది. పెద్దమ్మకు ఇద్దరు కొడుకులు, ఆడపిల్లలు లేరు. దాంతో నేను మెట్లు దిగడం తప్ప ఎక్కడం మర్చిపోయాను. నా జడలు ఆవిడే వేసేది, నా జ్వరాలకు దిష్టి ఆవిడే తీసేది, సర్వపిండి మొదటి ముక్క నాకే పెట్టేది. ఆషాఢంలో మా గల్లీ చివరి పోచమ్మ గుడికి ఆ ఇంటి నుంచి బోనం వెళ్ళేది. కొత్త కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, లోపల బెల్లమన్నం వండి, మెడకు వేపమండలు కట్టి, మూకుట్లో దీపం వెలిగించి, ఆ కుండను పెద్దమ్మ నెత్తి మీద పెట్టుకుని నడుస్తుంటే డప్పులవాళ్ళు కూడా ఒక అడుగు పక్కకు జరిగేవారు. వెనకాల వేపమండ పట్టుకుని నేను. ఆ ఇంటి ఆడపిల్లను కనుక ఎప్పటికైనా ఆ బోనం నా నెత్తి మీదికే వస్తుందని నేను ఏడేళ్ళ వయసులోనే తేల్చేసుకున్నాను. ఈ విషయం ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. స్నానాల గదిలో నెత్తి మీద నీళ్ళ మగ్గు పెట్టుకుని గోడ నుంచి గోడకు నడవడం మాత్రం పదేళ్ళు సాధన చేశాను. (మా స్నానాల గది మూడడుగులు.)

నేను ఎమ్మే మొదటి సంవత్సరంలో ఉండగా పెద్దమ్మ మోకాళ్ళు మొరాయించాయి. బరువులెత్తి నడవొద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. ఉగాది నాడు పచ్చడి గిన్నె చేతికిస్తూ, "ఈ ఏడు బోనం నాతోని గాదే" అన్నది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను "అయ్యో పెద్దమ్మా" అన్నాను. లోపల మాత్రం నాకు డప్పులు వినిపించాయి. ఇంత దుర్మార్గం నాలో ఉందని ఆ రోజే నాకు మొదటిసారి తెలిసింది.

సరిగ్గా అప్పుడే మా డిపార్టుమెంటు మేడమ్ నన్ను పిలిచి ఒక అమ్మాయిని అప్పగించింది. స్కాలర్‌షిప్ మీద ఏడాది చదువుకోవడానికి కిందటి ఆగస్టులో వచ్చి తెలుగు నేర్చుకుందట, ఇప్పుడు క్యాంపస్ చుట్టుపక్కల గుళ్ళూ పండగలూ చూసి ఏదో రాయాలట. "నువ్వు తార్నాక పిల్లవే కదా, చూపించు" అన్నది మేడమ్. నాకు మహా గర్వం వేసింది. విదేశీయురాలికి మన సంస్కృతి వివరించే భాగ్యం! ఆ వచ్చే ఆదివారమే ఆ అమ్మాయిని సీతాఫల్‌మండిలో ఒక గుడికి తీసుకెళ్ళాను. నోటుపుస్తకం తీసి మొదలుపెట్టింది. అమ్మవారికి నిమ్మకాయల దండ ఎందుకు? గుడి నుంచి వెళ్ళే ముందు కాసేపు కూర్చోవడం ఎందుకు? గంట లోపలికి వెళ్ళేటప్పుడే ఎందుకు కొట్టాలి? నేను అన్నింటికీ "ఆనవాయితీ" అని గంభీరంగా జవాబిచ్చాను. కాసేపటికి ఆ పిల్ల పుస్తకంలోంచి తలెత్తి, "అక్కా, ఆనవాయితీ పదకొండు సార్లయింది" అన్నది. వెటకారం కాదు, పాపం, నిజంగానే లెక్క చెప్పింది. అందుకే ఇంకా మండింది.

అక్కడితో ఆగినా బాగుండేది. పూజారిగారు అర్చనకు నా గోత్రం అడిగారు. కాశ్యపో, కౌశికో, ఏదో 'క'తో మొదలవుతుందని తెలుసు. "ఒక్క నిమిషమండీ" అని అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ కుక్కర్ దగ్గర ఉన్నట్టుంది, "గోత్రం తెలీదుటే నీకు! ఇరవై రెండేళ్ళొచ్చాయి, కౌండిన్యస కాదుటే!" అని అరిచింది. స్పీకర్‌లో లేకపోయినా గర్భగుడి దాకా వినబడింది. పూజారిగారు నవ్వాపుకుంటూ ఊరికే మర్యాదకు ఆ పిల్లను కూడా అడిగారు, "మీకేమైనా ఉంటుందా అమ్మా ఇలాంటిది?" అని. ఆ పిల్ల రెండు చేతులూ కట్టుకుని నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు, అలా ఏడు తరాల పేర్లు గడగడా అప్పజెప్పింది. వాళ్ళ దేశంలో చిన్నపిల్లలకు ముందు అదే నేర్పుతారట. పూజారిగారు పొంగిపోయారు. ఏడు పేర్లూ నోరు తిరగకపోయినా తిప్పుకుని మరీ చదివి, కొబ్బరిచిప్ప, రెండు అరటిపళ్ళు, అమ్మవారి మెడలోని మల్లెపూలు తెచ్చి ఆ పిల్ల చేతుల్లో పెట్టారు. నాకు కుంకుమ పొట్లం ఇచ్చారు.

నేను చేసిన అసలు తెలివితక్కువ పని ఇంకొకటి ఉంది. ఆ పిల్లను ఇంటికి తీసుకొచ్చాను. పెద్దమ్మ వాకిట్లో కూర్చుని మామిడికాయ తొక్కుకు ముక్కలు దంచుతోంది. ఆ పిల్ల వెళ్ళి పక్కన కూర్చుని రోలు దగ్గరకు లాక్కుంది. "నీ పేరేంది బిడ్డా?" అంది పెద్దమ్మ. ఆ పేరు పలకడం మా వీధిలో ఎవరి తరమూ కాలేదు. అర్థమేమిటంటే బంగారు పువ్వట. "అట్లనా! అయితే నిన్ను బంగారీ అంట" అని తేల్చేసింది పెద్దమ్మ. పదిహేనేళ్ళుగా ఆవిడ చేతి అన్నం తింటున్నాను, నన్నెప్పుడూ 'పిల్లా' అనేది, బయటివాళ్ళతో 'మా మీది వాటా పిల్ల' అనేది. వచ్చిన పావుగంటలో దానికి బంగారి! ఆ రాత్రి అమ్మతో, "నాకు ముద్దుపేరు ఎందుకు పెట్టలేదు?" అని తగువేసుకున్నాను. "నీ అసలు పేరు పెట్టడానికే మీ నాన్నగారూ నేనూ నెల రోజులు కొట్టుకున్నాం, పడుకో" అంది అమ్మ.

ఆ తర్వాత బంగారికి నేను అక్కర్లేకపోయింది. హాస్టల్ నుంచి నేరుగా పెద్దమ్మ దగ్గరికే వచ్చేది. పెద్దమ్మ కొడుకు స్కూటరెక్కించుకుని తీసుకెళ్తే మౌలాలి గుట్టెక్కి దర్గాలో దండం పెట్టి, పెద్దమ్మ మోకాళ్ళ కోసం మొక్కుకుని వచ్చింది. (పదిహేనేళ్ళలో నాకు తట్టలేదు.) రామంతాపూర్‌లో పెద్దమ్మ చెల్లెలింట్లో సీమంతానికి వెళ్ళి గాజులు తొడిగించుకుని వచ్చింది. వీధిలో వాళ్ళు నేపాలా, మణిపురా అని అడిగితే, "ఇంకా జర పైకి పోవాలె" అని చెప్పేది. అదీ అన్నింటికన్నా ఘోరం. మూడు నెలల్లో ఆ పిల్ల 'గట్లనా', 'ఏంది పెద్దమ్మా', 'మస్తుగున్నది' అంటూ పెద్దమ్మ భాష దింపేసింది. "సూడు, బంగారి ఎంత మంచిగ మాట్లాడతది! నువ్వు ఇన్నేండ్లున్నా ఆ 'అండీ' ఇడువకపోతివి" అని పెద్దమ్మ నన్ను దెప్పేది. నేను నవ్వేదాన్ని. నవ్వుతూ పళ్ళు నూరడం ఎలాగో నాకు అప్పుడే వచ్చింది.

ఆషాఢం వచ్చింది. మా గల్లీ బోనాలు ఆదివారం అనగా గురువారం సాయంత్రం పెద్దమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టింది. నాకు మళ్ళీ డప్పులు వినిపించాయి. "ఈ ఏడు బోనం బంగారి ఎత్తుతది" అన్నది. నేను అర్థం కానట్టు చూశాను. మా అమ్మే మెట్ల మీద నుంచి, "అక్కగారూ, వాళ్ళ మతం అదీ వేరేమో కదండీ, ఫర్వాలేదాండీ?" అని అడిగింది. (ఆ క్షణంలో అమ్మ మీద నాకు పుట్టినంత ప్రేమ మళ్ళీ ఎప్పుడూ పుట్టలేదు.) "పోచమ్మ పాస్‌పోర్ట్ అడుగుతదా చెల్లె?" అంది పెద్దమ్మ. ఆ మాటకు బంగారితో సహా అందరూ నవ్వారు. బంగారి హాస్టల్‌కు వెళ్ళిపోయాక పెద్దమ్మ నా వైపు తిరిగి, "నువ్వు గూడ ఒక్కపొద్దుండు. దానికి కళ్ళు తిరిగినా, ఏమన్నా అయినా నువ్వే ఎత్తాలె. దానికి గూడ చెప్పు, పొద్దుగాల లేచిన కాంచి ఏం తినొద్దని" అంది. అంటే నేను స్టెప్నీ టైరునన్నమాట. మూడు రాత్రులు దొర్లాను. ఒక్కపొద్దు సంగతి బంగారికి చెప్పమంది కదా, చెప్పలేదు. మర్చిపోలేదు. చెప్పలేదు.

ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ మమ్మల్ని వేపమండలకు క్యాంపస్‌కి పంపింది. చెరొక మోపు కొట్టుకుని తిరిగొస్తుంటే తార్నాక చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లోంచి బిస్కెట్ల వాసన వచ్చింది. నా బుర్రలో ఆ ఆలోచన అప్పుడే పుట్టిందని చెప్పుకోవాలనుంది కానీ, అది శుక్రవారం నుంచే ఉంది. "చాయ్ తాగుదామా బంగారీ?" అన్నాను, తేనె కారుస్తూ. ఒక చాయ్, ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు చెప్పి ఆ పిల్ల ముందుకు జరిపాను. బంగారి ఒక బిస్కెట్ తీసింది, చాయ్‌లో ముంచింది, నోటి దాకా తెచ్చి ఆగింది. "నువ్వు తినవా అక్కా?" అంది. "నాకొద్దు, కడుపు బాగాలేదు" అన్నాను. "ఒక్కదాన్నే తింటే నాకు మింగబుద్ధి కాదక్కా. మా తాన అట్ల తినరు" అని ఇంకో బిస్కెట్ తీసి, రెండుగా విరిచి, సగం నా అరచేతిలో పెట్టి మూసింది. తర్వాత తను ముంచినది తిని, మిగిలిన సగం కూడా చాయ్‌లో ముంచుకుని తిన్నది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని అంత ఇష్టంగా తింటుంటే చూస్తూ, రేపటి నుంచి ఈ పిల్ల మొహం ఎలా చూడాలా అని ఆలోచిస్తూ, నా కుట్ర ఫలించినందుకు సంతోషిస్తూ, ఇన్ని పనుల మధ్య నా చేయి దాని దారిన అది నా నోట్లోకి వెళ్ళింది. నమిలి, మింగి, మూతి తుడుచుకున్నాక కానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

అయినా ధైర్యం చెప్పుకున్నాను. నేను తిన్నది ఎవరు చూశారు గనక? ఇంటికి రాగానే వేపమండలు పడేసి, "పెద్దమ్మా, ఒక పొరపాటు జరిగిందండీ. బంగారి పాపం, తెలియక బిస్కెట్ తినేసింది" అన్నాను. గొంతులో కాస్త వణుకు కూడా కలిపాను. పెద్దమ్మ పసుపు చేతులతో అలాగే ఆగిపోయింది. బంగారికి విషయం అర్థం కాలేదు. ఎప్పటిలాగే వెలిగిపోతూ, "అక్క గూడ తిన్నది పెద్దమ్మా! సగం అక్కకు, సగం నాకు" అని రెండు చేతులతో విరిచి చూపించింది. వాకిట్లో డప్పుకు సెగ పెడుతున్న పెద్దమ్మ చిన్నకొడుకు చటుక్కున తల వంచుకున్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. అమ్మ మెట్లు దిగి వచ్చింది. పెద్దమ్మ పీట వేసుకుని కూర్చుంది. ఇంక విచారణే.

"ఎట్ల తిన్నరు?" అంది పెద్దమ్మ.

"అంటే?" అన్నాను.

"చాయ్‌ల ముంచుకున్నరా, వట్టిగనే తిన్నరా?"

"నేను ముంచిన" అంది బంగారి. "మా ఇంట్ల గూడ రొట్టె చాయ్‌ల ముంచే తింటం."

పెద్దమ్మ మొహం విప్పారింది. "మరింకేంది! చాయ్‌ల ముంచినంక అది చాయే. నేను పొద్దుగాల రెండు కప్పులు తాగలేదా? చాయ్‌కి ఒక్కపొద్దు చెడదు. మా అత్త కాలం కాంచి అంతే" అని తీర్పు చెప్పి నా వైపు తిరిగింది. "మరి నువ్వు?"

ముంచానని చెబితే సరిపోయేది. ఒక్క చిన్న అబద్ధం. పొద్దున్నించీ అంతకంటే పెద్దవి ఆడాను. ఈలోగా కన్నతల్లి సాక్ష్యానికి దిగింది. "అది ముంచుకోదండీ అక్కగారూ, చిన్నప్పటి నుంచీ అంతే. నానిపోతే చప్పబడిపోతుందంటుంది. వట్టిదే కరకరా నములుతుంది" అంది అమ్మ, అదేదో నా మంచి గుణమైనట్టు. "అయితే నీది తిండే" అని లేచింది పెద్దమ్మ. అంతే, స్టెప్నీ టైరు పదవి కూడా పోయింది.

సాయంత్రం బంగారి పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని బోనమెత్తింది. పెద్దమ్మ సాధన ఎప్పుడు చేయించిందో ఏమో, ఒక్క చేత్తో పట్టుకుని నిటారుగా నడిచింది. సన్నగా జల్లు మొదలైంది. దీపం ఆరకుండా గొడుగు పట్టే పని నాకు పడింది. నేను పొట్టి, అది పొడుగు. చెయ్యి పైకెత్తి, మునివేళ్ళ మీద నడుస్తూ, తడుస్తూ, గల్లీ అంతా దాని వెంట వెళ్ళాను. ఇంటింటి ముందూ ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి దాని కాళ్ళ మీద పోస్తుంటే, నా సల్వారు కూడా మోకాళ్ళ దాకా తడిసింది. "గీ పిల్లెవరు?" అని ఒకావిడ అడిగింది. "నా బిడ్డ" అంది పెద్దమ్మ, కుంటుతూ మా పక్కన నడుస్తూ. అప్పుడు నాకు ఏడుపొచ్చేసింది. జల్లు పడుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

గుడి నుంచి వచ్చాక, అందరూ తింటున్నప్పుడు, నేను కింద వంటింట్లో ఒక మూల కూర్చున్నాను. పెద్దమ్మ బోనం కుండ పట్టుకుని వచ్చి నా పక్కన కాళ్ళు చాపుకుని కూలబడింది. "దానికి నువ్వు ఒక్కపొద్దు సంగతి చెప్పలే గదా?" అంది. నేను తడిసిన సల్వారు అంచు పిండుకున్నాను. "నాకు ఎర్కే" అంది. అప్పుడింక నాకు ఆగలేదు. "నేనుండగా దానికెందుకిచ్చావు పెద్దమ్మా? నేను నీకు ఏమీ కానా?" అని బొబ్బలు పెట్టి ఏడ్చాను, ఇరవై రెండేళ్ళ దాన్ని. పెద్దమ్మ బెల్లమన్నం ముద్ద చేసి నా నోట్లో కుక్కింది. "పిస్స పోరీ! అది వచ్చే నెల పోతది. మళ్ళ వస్తదో రాదో. నువ్వు యాడికి పోతవే? ఈడనే ఉంటవ్ గదా. వచ్చే ఏడు నువ్వే ఎత్తుదువు, ఆ మీది ఏడు గూడ నువ్వే" అంది. ఆ మాటతో నా మూడు నెలల మంట చల్లారింది. బంగారి వెళ్ళేరోజు విమానాశ్రయానికి కూడా వెళ్ళాను. చేసిందంతా చెప్పేశాను. అది పడీపడీ నవ్వి, "నాకిస్తే ఇంకో బిస్కెట్ గూడ తినేదాన్ని గదక్కా" అంది.

పెద్దమ్మ చెప్పిన ఆ వచ్చే ఏడు వచ్చింది. జూన్‌లో నాకు పుణెలో ఉద్యోగమూ వచ్చింది. ఎగిరి గంతేసి వెళ్ళిపోయాను. రైలెక్కేటప్పుడు ఆషాఢం గుర్తే లేదు. బోనాల ఆదివారం పెద్దమ్మ వీడియో కాల్ చేసి, పెద్దకోడలు నెత్తి మీద కుండను చూపించింది. కొత్తకోడలు, మంచి పిల్ల, నన్ను వదినా అని నోరారా పిలుస్తుంది. ఆ పిల్ల మీద కూడా నాకు అసూయే. ఏడేళ్ళయింది, ఏ ఏడూ సెలవు కుదరలేదు. ఇప్పటికీ ఆ బోనం నేను ఎత్తలేదు.

పోయిన ఏడాది భాద్రపదంలో పుణెలో మా ఇంటావిడ చవితి పండక్కి మనిషంత ఎత్తు గౌరమ్మ బొమ్మలను నిలబెడుతుంటే, నేను నా వచ్చీరాని మరాఠీతో పక్కన చేరాను. రెండు నెలలుగా ఆవిడ వెంట మార్కెట్లూ గుళ్ళూ తిరుగుతున్నాను. ఆవిడ నవ్వుతూ జరీ చీర నా చేతికిచ్చి, గౌరమ్మకు కుచ్చిళ్ళు పెట్టమంది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కుచ్చిలీ సర్దుతుంటే వీపు మీద ఏదో మండుతున్నట్టనిపించి తిరిగి చూశాను. గుమ్మం దగ్గర ఆవిడ మేనకోడలు నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్ళుంటాయి. చేతిలో ఊరికే పిన్నుల డబ్బా, పెదాల మీద నవ్వు, ఆ నవ్వు వెనక పళ్ళు నూరుతోంది. ఆ చూపు నాకు తెలియకపోవడమేమిటి! లేచి ఆ చీర దాని చేతికిచ్చి పక్కకు తప్పుకోవాలని నాకు ఎంత బాగా తెలుసో ఇంకెవరికీ తెలియదు. తప్పుకోలేదు. పిన్నులు ఇమ్మని చేయి చాపాను. కుచ్చిళ్ళయ్యాక పైట కూడా నేనే వేశాను.